కొమ్ముదీర్ఘం

ఆ ఊళ్లో ఎవరైనా కనపడకపోతే వాళ్ల ఇంటికెళ్లి తలుపు కొట్టే అలవాటు లేదు. చెక్కబాట మీదకి వెళ్లి చూస్తారు. సముద్రం ఒడ్డున ఇసకలో గుంజలు పాతి, వాటి మీద పలకలు పరిచి, ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాకా వేసిన బాట అది. దాని పొడుగెంతో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. కొలుద్దామని టేపు పట్టుకుని బయల్దేరిన ప్రతివాణ్ణీ మధ్యలో ఎవరో ఒకరు పిలిచి కబుర్లలో పెట్టేశారు. అలా ఆగిపోయినవాళ్లలో ఒకాయన అక్కడే పెళ్లి కుదుర్చుకుని టేపు సంగతే మర్చిపోయాడు.

బాటకి నడిమధ్యలో, సముద్రం వైపు, మోకాలెత్తు చెక్కగట్టు ఒకటుంది. సాయంత్రమైతే ఊరంతా దాని మీదే. ఏళ్ల తరబడి కూర్చోగా కూర్చోగా గట్టు మీద ఎవరి గుంట వాళ్లకి పడిపోయింది. అన్నిటికన్నా లోతైన గుంట బోర్డమ్మాయి వాళ్ల అమ్మమ్మది. వానొస్తే అందులో పిచ్చుకలు స్నానం చేస్తాయి. అమ్మమ్మకి ఎడంపక్క రిటైరైన బస్సు కండక్టరు. ఆయన కూర్చుంది గట్టు మీదే అయినా, ఎవరొచ్చినా "జరగండి, జరగండి, మధ్యలో ఖాళీ ఉంది" అంటూనే ఉంటాడు. కుడిపక్క దర్జీ. దారినపోయేవాళ్లని కళ్లతోనే కొలిచి "మీ ఆయన ఒళ్లు చేశాడమ్మా, చొక్కాలు వదులు చెయ్యాలి" అని చెప్పేస్తాడు. ఎదురుగా ఐస్‌క్రీమ్ అత్త బండి. ఆవిడ ఊరందరికీ అత్తే. వాళ్ల అత్తగారు కూడా ఆవిణ్ణి అత్తా అనే పిలుస్తుంది.

ఈ బోర్డమ్మాయి ఎవరంటే, మావయ్య దగ్గర బోర్డులు రాసే పని నేర్చుకున్న పిల్ల. రాసే పని అంటే రాసే పని కాదు. అక్షరాల గీతలు మావయ్య గీస్తాడు, లోపల రంగు ఈ పిల్ల నింపుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. ఊళ్లో ఉన్న ప్రతి "క" కడుపులోనూ ఈ పిల్ల పోసిన రంగే ఉంది, పైన గీత మాత్రం మావయ్యది. "నేనూ రాస్తా మావయ్యా" అంటే "నీ చేతికి అక్షరమిస్తే అది అల్లరి చేస్తుందే" అంటాడు. ఆ మాటలో అన్యాయమేం లేదు. మావయ్య నిద్రపోతున్నప్పుడు ఆయన స్కూటర్ మీద "అమ్మబడును" అని రాసింది ఈ పిల్లే. బేరాలకొచ్చినవాళ్లు మావయ్యని నిద్రలేపి మరీ ధర అడిగారు. దర్జీ షాపు అద్దం మీద "ఇచ్చట కొలతలు తీసుకోబడును" ని "ఇచ్చట కోతలు కోయబడును" చేసింది కూడా ఈ పిల్లే.

ఇలా ఉండగా చెక్కబాటకి కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఈల. మనిషి చెడ్డవాడు కాదు కానీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటాడు. నడిచేవాణ్ణి ఎవరు పలకరిస్తారు? మధ్యాహ్నం క్యారేజీ కూడా జనానికి వీపు చూపించి, సముద్రం వైపు తిరిగి తినేవాడు. సముద్రమే రోజూ ఇవాళేం కూర అని అడిగేది.

ఒకరోజు ఆయన మావయ్య షాపుకొచ్చాడు. మావయ్య లేడు. ఊరవతల గోడౌను గోడ నిండా సిమెంటు ప్రకటన రాస్తున్నాడు. ఆ గోడ ఎంత పెద్దదంటే, ఆఖరి అక్షరం పూర్తయ్యేసరికి మొదటి అక్షరం వెలిసిపోతుంది, మళ్లీ మొదలెట్టాలి.

"మా పై ఆఫీసరు ఫోన్ చేశారు," అన్నాడు సూపర్‌వైజరు. "గట్టు దగ్గర ఒక బోర్డు పెట్టాలి. ఇక్కడ కూర్చోరాదు. అంతే, రెండే ముక్కలు. ఎల్లుండి ఆయన స్వయంగా వచ్చి చూస్తారు. మీ మావయ్య ఎప్పుడొస్తాడు?"

"నేను రాస్తానండి."

ఆయన ఈ పిల్లని కిందనుంచి పైదాకా చూశాడు. "సొంతంగా రాశావా ఎప్పుడైనా?"

"ఇప్పుడు రాస్తాను."

"చూడమ్మాయ్. బాట మీద పాత బోర్డులన్నీ ఉప్పుగాలికి పోయాయి. 'కుక్కలకు ప్రవేశం లేదు' లో ఆఖరి ముక్క రాలిపోయి 'కుక్కలకు ప్రవేశం' మిగిలింది. కుక్కలు తెగ వస్తున్నాయి. అన్నీ కొత్తగా రాయించాలి. ఈ ఒక్కటీ బావుంటే అన్నీ నీకే. తేడా వచ్చిందంటే మెషీను మీద ప్రింటు వేయించేస్తాను, అంతే."

బోర్డమ్మాయికి ఒళ్లంతా కుంచెలు మొలిచినట్టయింది. బాట నిండా తన అక్షరాలు. గీతా తనదే, రంగూ తనదే. ఇంకెవరి "క" లోనూ దూరి కూర్చోనక్కర్లేదు. ఆ ఆనందంలో, ఆ రాసేది దేని గురించో ఇంటికెళ్లేదాకా తట్టలేదు.

అమ్మమ్మ వంటింట్లో బఠాణీలు ఒలుస్తోంది.

"అమ్మమ్మా, నాకు బోర్డు ఇచ్చారు. సొంతంగా."

"నాకు తెలుసే, ఎప్పటికైనా ఇస్తారు. ఏం బోర్డు?"

"గట్టు దగ్గర. ఇక్కడ కూర్చోరాదు అని."

అమ్మమ్మ ఇంకో కాయ ఒలిచింది. "రాయి. ఎర్ర రంగు వెయ్, దూరానికి కనపడాలి."

"అది నువ్వు కూర్చునే చోటే అమ్మమ్మా. ఇంక కూర్చోకూడదు."

"కళ్లజోడు లేకపోతే నాకు ఏనుగు కనపడదు, బోర్డేం కనపడుతుంది? ఇంట్లో పెట్టేసి వస్తాలే. నీ పని నువ్వు చెయ్. కూర్చోవడం మా పని, మేం చేసుకుంటాం."

మర్నాడు సాయంత్రం బోర్డమ్మాయి స్టూలు, డబ్బాలు మోసుకుని గట్టు దగ్గరకెళ్లింది. సరిగ్గా అమ్మమ్మ గుంట వెనకాల గుంజ పాతి, తెల్ల పలక కొట్టి ఉంచారు. గట్టు మీద జనం మామూలే. సూపర్‌వైజరు ఆ చివర కుక్కల మీద ఈల వేస్తూ తిరుగుతున్నాడు. బోర్డమ్మాయి సుద్ద తాడు లాగి గీత కొట్టింది. పెన్సిల్ పెట్టలేదు. పెన్సిల్‌తో గీసుకుంటే మావయ్య నవ్వుతాడు. గాలిలోంచి నేరుగా కుంచె దింపింది.

"ఇ" బావుంది. "క్క" ఇంకా బావుంది. గుండ్రంగా, నిండుగా. "డ" రాసేసరికి కండక్టరు గమనించాడు.

"ఎంతసేపట్నుంచి నిలబడ్డావే పిల్లా, కాసేపు కూర్చోరాదూ? మధ్యలో ఖాళీ ఉంది."

"పనిలో ఉన్నా బాబాయ్."

"కూ" రాసింది. దర్జీ తలెత్తాడు. "కాళ్లు పీక్కుపోవూ? కూర్చోరాదూ అమ్మాయ్, అక్షరం ఎక్కడికీ పోదు."

"అయిపోవచ్చింది మావయ్యా." దర్జీ కూడా మావయ్యే. ఊళ్లో మావయ్యలకి లోటు లేదు.

"ర్చో" రాసింది. ఐస్‌క్రీమ్ అత్త బండి దగ్గర్నుంచే కేకేసింది. "కూర్చోరాదూ, ఒక ఐస్‌క్రీమ్ తిని రాయరాదూ, కరిగిపోతోంది."

"రా" రాసింది. ఆఖరికి అమ్మమ్మ మెడ వెనక్కి తిప్పి, మనవరాలి పాదం మీద చెయ్యేసి, మెత్తగా అంది. "అంత తొందరేంటే తల్లీ. పక్కన కాసేపు కూర్చోరాదూ."

అదే టైముకి కుంచె "ద" దగ్గరుంది. చెవిలో మాట చేతిలోకి జారింది. కొమ్ము తిప్పింది. తిప్పిన చెయ్యి ఆగలేదు. అమ్మమ్మ గొంతు ఎంత సాగిందో కుంచె కూడా అంత సాగి, పైకి లేచి, చక్కగా ఒక వంపు తిరిగి నిలబడింది. కొమ్ము కాస్తా కొమ్ముదీర్ఘం అయింది.

బోర్డమ్మాయి స్టూలు దిగి, వెనక్కెళ్లి, ఒక కన్ను మూసి చూసింది. గీతలు సమానం. అంచులు శుభ్రం. బోర్డులు రాసేవాళ్లు అక్షరాలు చూస్తారు, మాట చూడరు. ఆ తర్వాతే వెళ్లి ఐస్‌క్రీమ్ తింది. జీవితంలో అంత తియ్యటి ఐస్‌క్రీమ్ తినలేదని అత్తకి చెబితే, "పంచదార ఎక్కువ పడింది లేవే" అంది అత్త.

మర్నాడు సూపర్‌వైజరు డ్యూటీకి వచ్చీ రాగానే ఆయన జీవితంలో వింతలు మొదలయ్యాయి. నడకకొచ్చిన పెద్దాయన ఎవరో చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఎంత మంచి మాట రాయించారండీ." ఎవరో పెద్దావిడ "చల్లగా ఉండు నాయనా" అంది. ఐస్‌క్రీమ్ అత్త అడక్కుండానే కోన్ చేతిలో పెట్టింది.

"దేనికండీ?"

"బోర్డుకి. ఇన్నేళ్లలో ఆఫీసు నుంచి ఒక్కళ్లయినా మాతో ఇలా మాట్లాడారా?"

"నా డ్యూటీ నేను చేశానండీ," అన్నాడాయన కోన్ నాకుతూ. పక్కకెళ్లి వాళ్లావిడకి ఫోన్ చేశాడు. "ఇక్కడ జనానికి క్రమశిక్షణంటే ప్రాణమే. వద్దు అంటే చాలు, మురిసిపోతున్నారు." ఈ ఊరికి బదిలీ అయ్యాక ఆయన నవ్వుతూ ఫోన్ చెయ్యడం అదే మొదలు. వాళ్లావిడ జ్వరమొచ్చిందేమో చూసుకోమంది.

అలా నాలుగు కోన్‌ల గౌరవం అందుకుంటూ మధ్యాహ్నం దాటాక గట్టు దగ్గరకొచ్చాడు. గట్టు కనపడలేదు. మనుషులే కనపడ్డారు. పాతవాళ్లు సరే, ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చేశారు. ఊరు చూడ్డానికొచ్చిన ఒక కుటుంబం పెట్టెలతో సహా దిగిపోయింది. కండక్టరు జరగండి జరగండి అని అరిచీ అరిచీ గొంతు పోయి ఇప్పుడు చేత్తో సైగలు చేస్తున్నాడు. వీళ్లందరి నెత్తి మీద, ఎర్రగా, ఊరంతటికీ వినపడేటంత అందంగా, బోర్డు.

ఇక్కడ కూర్చోరాదూ.

సూపర్‌వైజరు గట్టిగా ఈల వేశాడు. ఒక్కరు లేవలేదు. ఈల వినపడగానే కండక్టరు మాత్రం పాత అలవాటు కొద్దీ "రైట్, పోనీ" అన్నాడు.

కబురందుకుని బోర్డమ్మాయి స్టూలు మర్చిపోయి, డబ్బాలు, కుంచెలు మాత్రం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఏంటిది?" అన్నాడాయన.

ఆమె మళ్లీ అక్షరాలే చూసింది. ఆ తర్వాత మాట చదివింది. గుండె జారి చెప్పుల్లో పడింది.

"పొరపాటండీ."

"స్కూటర్ మీద అమ్మబడును కూడా పొరపాటేనా? కొలతల్ని కోతలు చేశావే, అది? నాకెవరూ చెప్పలేదనుకున్నావా?"

"కోతలు చేశాకే నాకు బేరం పెరిగిందండీ," అన్నాడు దర్జీ గట్టు మీంచి.

"అవి నేనే కావాలని చేశానండీ. ఇది కాదు. నిజం. వీళ్లంతా కూర్చోరాదూ, కూర్చోరాదూ అని చెవిలో పోస్తుంటే చెయ్యి అదే రాసేసింది."

పుట్టి బుద్ధెరిగాక ఈ పిల్ల ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. ఇంత అబద్ధంలా కూడా ఏదీ వినపడలేదు. అమ్మమ్మే నమ్మలేదు. "బాగా చేశావే," అని కన్నుకొట్టింది.

సూపర్‌వైజరు వాచీ చూసుకున్నాడు. "ఇంకాసేపట్లో ఆఫీసరొస్తారు. ఈలోపు ఆ తోక తీసేశావా సరే. లేదంటే రేపే మెషీనువాడికి చెప్తాను. అంతే."

ఎర్ర ఎనామిల్ ఎండిపోయింది. తుడిస్తే పోదు. ఆ వంపు మీద తెల్లరంగు వేసి కప్పాలి. స్టూలు లేదు, కప్పాలంటే గట్టెక్కాలి. గట్టు మీద, సరిగ్గా గుంజ ముందర, అమ్మమ్మ.

"అమ్మమ్మా, కొంచెం లే."

"ఎందుకే?"

"తోక తియ్యాలి."

"ఎవరిది?"

"బోర్డుది. లే అమ్మమ్మా."

"ఇప్పుడే గాలి తిరిగింది. పిలిచి కూర్చోబెట్టి లేవమనడం మర్యాదేనా? మీ ఆఫీసరునే రమ్మను, నేనడుగుతా."

పక్కన అందరూ నవ్వారు. బోర్డమ్మాయి నవ్వలేదు. వంగి, అమ్మమ్మకి మాత్రమే వినపడేలా అంది. "ఈ బోర్డులు పోతాయి అమ్మమ్మా. మళ్లీ మావయ్య అక్షరాల్లో రంగు పోసుకుంటూ ఉండాలి. నేను నిజంగా కావాలని చెయ్యలేదు."

అమ్మమ్మ మనవరాలి మొహం చూసింది. కళ్లజోడు లేకపోయినా అంత దగ్గర్నుంచి కనపడింది. దర్జీ భుజం పట్టుకుని లేచి నిలబడింది.

లైట్లు వెలగకముందే అమ్మమ్మ గట్టు దిగడం ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. నవ్వులాగిపోయాయి. కండక్టరు లేచాడు. దర్జీ లేచాడు. ఎందుకో తెలీకపోయినా పెట్టెల కుటుంబం లేచింది. గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీ అయిపోయి, గుంటలన్నీ బయటపడ్డాయి. బోర్డమ్మాయి గట్టెక్కింది. కుంచె తెల్లరంగులో ముంచింది. ఎత్తింది.

"ఆగమ్మా, ఆగు."

పై ఆఫీసరు. కారు దూరంగా ఆపి బాటంతా నడిచొచ్చాడు. కొత్త బూట్లు. ఒక్కో అడుగుకీ మొహం ఒక్కో రకంగా మారుతోంది. బోర్డు చదివాడు. ఖాళీ గట్టు చూశాడు. నిలబడ్డ జనాన్ని చూశాడు.

"ఎవరు రాశారిది?"

"నేనండీ," అంది బోర్డమ్మాయి. "పొరపాటున అలా రాశాను. అల్లరికి కాదు."

సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. పొద్దుట్నుంచి తిన్న నాలుగు కోన్‌లూ గుర్తొచ్చాయి. "రాయించింది నేను సార్. ఏదైనా అంటే నన్ననండి."

ఆఫీసరు ఇద్దరి మాటా వినిపించుకోలేదు. "అంత ప్రేమగా రాసి పెడితే ఒక్కళ్లూ కూర్చోరేం? నేనొస్తున్నానని లేచారా? అవన్నీ ఎందుకండీ. కూర్చోండి, కూర్చోండి." అని, అందరికన్నా ముందు తనే కూలబడ్డాడు. సరిగ్గా అమ్మమ్మ గుంటలో. సముద్రం రెండడుగులు వెనక్కేసింది.

"బాబూ," అంది అమ్మమ్మ. "కాస్త అటు."

"మధ్యలో ఖాళీ ఉంది సార్," అన్నాడు కండక్టరు, పోయిన గొంతు తెచ్చుకుని.

ఆఫీసరు జరిగాడు. బూట్లు విప్పి వేళ్లు ఆడించాడు. మొహంలోకి మనిషి తిరిగొచ్చాడు. జనమంతా ఎవరి గుంటల్లోకి వాళ్లు చేరారు. సూపర్‌వైజరు ఒక్కడే నిలబడి, నిజాయితీ పట్టలేక అడిగేశాడు. "సార్, తమరు ఫోన్లో కూర్చోరాదు అని కదా..."

"అవును. కూర్చోరాదూ అన్నాను. బయటి ఊళ్లవాళ్లు మొహమాటపడి నిలబడిపోతున్నారు, వాళ్లు కూడా కాస్త కూర్చునేలా ఒక బోర్డు పెట్టించమన్నాను. అదేగా పెట్టించావు?"

ఆయన ఫోన్లో నిజంగానే దీర్ఘం తీశాడో, బూట్లు విప్పాకే ఆ దీర్ఘం పుట్టిందో ఆ ఊళ్లో ఇప్పటికీ తేలలేదు. గట్టు మీద రెండు పార్టీలున్నాయి. అమ్మమ్మది బూట్ల పార్టీ.

"చెయ్యి బావుందమ్మాయ్," అన్నాడాయన ఐస్‌క్రీమ్ అందుకుంటూ. "మెషీను అక్షరాలు అరిచినట్టుంటాయి. ఇవి పిలిచినట్టున్నాయి. మిగతావి కూడా నువ్వే రాయి."

తెల్లరంగు కుంచె ఇంకా బోర్డమ్మాయి చేతిలోనే ఉంది, చుక్కలు చెప్పు మీద పడుతున్నాయి. "కూర్చోరాదూ," అన్నాడు దర్జీ. ఈసారి కూర్చుంది.

ఆ వార్త గోడౌను దాకా వెళ్లింది. మావయ్య నిచ్చెన మీంచే అడిగాడట. "గీత వంకర పోలేదుగా?" పోలేదన్నారు. "సరే అయితే," అని మళ్లీ గోడ వైపు తిరిగాడట. మావయ్య నోట్లోంచి అంతకన్నా పెద్ద మెప్పు ఇంతవరకూ రాలేదు.

తర్వాతి బోర్డు ఐస్‌క్రీమ్ బండి పక్కన. సూపర్‌వైజరు ముందు రోజు నుంచే నిద్రపోలేదు. ఎందుకంటే ఈసారి రాయాల్సింది "ఇక్కడ ఉమ్మరాదు". దీనికి దీర్ఘం పడిందంటే ఊరి పరువు బంగాళదుంపల బస్తాలా జారి సముద్రంలో పడుతుంది.

ఆయన గట్టు దగ్గరకొచ్చి చేతులు జోడించాడు. "అమ్మమ్మగారూ, బాబాయ్‌గారూ, అందరికీ చెప్తున్నాను. ఆ పిల్ల ఆఖరి అక్షరానికి వచ్చినప్పుడు ఎవ్వరూ నోరు విప్పొద్దు. దణ్ణం పెడతాను. ఆ ఒక్క అక్షరం."

"మేమెందుకు మాట్లాడతాం నాయనా," అంది అమ్మమ్మ. "నువ్వలా నిలబడి కంగారుపడకు. ఇటు రా, కూర్చో."

ఆయన కూర్చున్నాడు. గట్టు మీద ఆయనకి అదే మొదటిసారి. కొత్త మనిషి కదా, గుంట లేదు, కొంచెం ఎత్తుగా ఉన్నాడు.

బోర్డమ్మాయి సుద్ద గీత కొట్టింది. "ఇక్కడ" అయింది. "ఉమ్మ" అయింది. "రా" అయింది. అంతే, బాట మీద మాట పడిపోయింది. కండక్టరు రెండు చేతులతో సొంత నోరు మూసుకున్నాడు. దర్జీ పళ్ల మధ్య టేపు కరిచి పట్టాడు. ఐస్‌క్రీమ్ అత్త బండి గంట నాలుకకి గుడ్డ చుట్టేసింది. దూరంగా పోతున్న కుక్క ఒకటి ఆగి, జనాన్ని చూసి, మొరగబోయి మానుకుంది. అలలు కూడా వేలికొసల మీద వచ్చి వెళ్తున్నాయి.

"ద" రాసింది. కొమ్ము మొదలెట్టింది. సూపర్‌వైజరు ఊపిరి బిగబట్టి అమ్మమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

కుంచె చిన్నగా తిరిగింది. ఆగింది. పలక మీంచి లేచింది.

ఆయన వెళ్లి, ముక్కు బోర్డుకి ఆనేంత దగ్గరగా వంగి, ఒకసారి చదివాడు. పెదాలు కదుపుతూ ఇంకోసారి చదివాడు. ముక్కు చివర ఎర్రరంగు అంటుకుంది.

"పొట్టిదే," అన్నాడు గట్టు వైపు తిరిగి. "ఇక మాట్లాడుకోండి."

అందరూ ఒక్కసారే మొదలెట్టారు.